లెక్కపెట్టి చూసిన శాస్త్రవేత్త – ఆగస్ట్ క్రోగ్



తెల్లవారుజామున హాస్టల్ గ్రౌండులో నాలుగు రౌండ్లు పరుగెత్తి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. గుండె దడదడలాడుతుంది. రొప్పు వస్తుంది. తొడలు, పిక్కలు వేడెక్కుతాయి. ఎందుకని ఎవరైనా అడిగితే, పనిచేసే కండరాలకు రక్తప్రసరణ పెరుగుతుంది కాబట్టి అని తడుముకోకుండా చెప్పేస్తాం. పదో తరగతిలో ఆ వాక్యాన్ని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. కానీ పని జరుగుతున్నది కాళ్లలో అని రక్తనాళాలకు ఎలా తెలుస్తుంది? పొట్టకూ, మూత్రపిండాలకూ తగ్గించి, కాళ్లకే ఎక్కువ పంపడం ఎలా జరుగుతుంది? ఈ ప్రశ్న మాకు అప్పుడు తట్టనే లేదు.

ఆ ప్రశ్న తట్టి, జవాబు కోసం కండలోని అతి సన్నని రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కించిన మనిషి డెన్మార్క్ దేశపు శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్. ఆ పనికే ఆయనకు 1920లో శరీరధర్మ, వైద్యశాస్త్రాల నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏడాది ఆ బహుమతిని ఆయన ఎవరితోనూ పంచుకోలేదు. వార్షికోత్సవ సంచిక కోసం ఆయన జీవితాన్ని క్లుప్తంగా మీ ముందు ఉంచుతున్నాం. చదువుకునేవాళ్లకు పనికివచ్చే విషయం ఒకటి అందులో ఉందని మా నమ్మకం.

బాల్యం – చదువు

ఆగస్ట్ క్రోగ్ 1874 నవంబర్ 15న డెన్మార్క్‌లోని గ్రేనో అనే సముద్రతీర పట్టణంలో జన్మించారు. తండ్రి విగ్గో క్రోగ్ ఓడల నిర్మాణం నేర్చినవాడు. ఈ కుటుంబం కడుపేద కుటుంబం కాదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. చిన్నప్పటి నుంచి క్రోగ్‌కు పురుగులన్నా, మొక్కలన్నా, చేత్తో పరికరాలు తయారుచేయడమన్నా ఇష్టం. నౌకాదళంలో చేరాలన్న కోరికతో చిన్న వయసులోనే బడి మానేసి కొంతకాలం ఓడ మీద గడిపారు. ఆ జీవితం తనకు సరిపడదని తెలుసుకుని మళ్లీ పుస్తకాలు పట్టి, ఆర్హస్ పట్టణంలో చదువు పూర్తిచేశారు.

1893లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మొదట వైద్యం మొదలుపెట్టి, తరువాత జంతుశాస్త్రానికి మారారు. ఒక పెద్దాయన సలహా మీద క్రిస్టియన్ బోర్ అనే ఆచార్యుని ఉపన్యాసాలకు వెళ్లడం క్రోగ్ జీవితాన్ని మలుపు తిప్పింది. భౌతికశాస్త్రంలో పరమాణు నమూనా చదివేటప్పుడు మనకు నీల్స్ బోర్ పేరు వస్తుంది కదా, ఆయన తండ్రే ఈ క్రిస్టియన్ బోర్. శరీరధర్మశాస్త్రంలో ఆనాటి దిగ్గజాలలో ఒకరు. 1897లో క్రోగ్ ఆయన ప్రయోగశాలలో సహాయకుడిగా చేరారు.

1904లో బోర్, క్రోగ్, హాసెల్‌బాల్క్ కలిసి ఒక ముఖ్యమైన విషయం ప్రకటించారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే హిమోగ్లోబిన్ తాను మోసుకొచ్చిన ఆక్సిజన్‌ను మరింత సులువుగా వదిలేస్తుంది. దీనినే ఇప్పుడు బోర్ ప్రభావం అంటున్నాం. పనిచేసే కండలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ కావలసిన చోటే రక్తం దానిని ఎక్కువగా దించుతుంది.

గురువుతో భేదాభిప్రాయం

ఊపిరితిత్తుల్లోని గాలి నుంచి ఆక్సిజన్ రక్తంలోకి ఎలా వెళ్తుందన్నది అప్పట్లో పెద్ద చర్చ. గ్రంథులు స్రావాలను ఊరించినట్టు ఊపిరితిత్తుల కణాలు తమ శక్తితో ఆక్సిజన్‌ను రక్తంలోకి నెడతాయని బోర్ నమ్మారు. ఇంగ్లండులో ప్రసిద్ధుడైన హాల్డేన్‌ది కూడా అదే అభిప్రాయం. క్రోగ్ కూడా మొదట్లో గురువు మాటే సరైనదనుకున్నారు. కానీ తన కొలతలు వేరే మాట చెప్పాయి.

క్రోగ్ చేతిపని గొప్పది. చాలా చిన్న గాలిబుడగను రక్తంతో తాకించి, ఆ బుడగలోని వాయువులను కొలిచి, రక్తంలో ఏ వాయువు ఎంత ఒత్తిడితో ఉందో తెలుసుకునే పరికరం ఆయన తయారుచేశారు. ఎన్నిసార్లు కొలిచినా ఆక్సిజన్ ఒత్తిడి ఊపిరితిత్తుల గాలిలోనే ఎక్కువ, రక్తంలో తక్కువ. నీళ్లు పల్లానికి పారినట్టు ఆక్సిజన్ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తానే వెళ్తుంది. ఎవరూ నెట్టనక్కరలేదు. దీనినే మనం వ్యాపనం అని చదువుకుంటాం.

ఈ ప్రయోగాలలో క్రోగ్‌కు తోడు నిలిచింది ఆయన భార్య మేరీ. ఫూనెన్ ద్వీపంలో ఒక రైతు కుటుంబంలో పుట్టి, ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజుల్లో డాక్టరైన మనిషి ఆమె. 1905లో వారి వివాహం జరిగింది. 1908లో దంపతులిద్దరూ గ్రీన్‌లాండ్ వెళ్లి, దాదాపు మాంసం మీదే బతికే అక్కడి ప్రజల ఆహారం, శ్వాసక్రియల గురించి పరిశోధించారు. 1910లో ఊపిరితిత్తుల మీద ఏడు పరిశోధనా పత్రాలు ఒకేసారి వెలువడ్డాయి. అందులో బోర్ సిద్ధాంతాన్ని క్రోగ్ ఖండించారు. అయితే అక్కడే తాను గురువుకు ఎంత రుణపడి ఉన్నాడో కూడా రాశారు.

ఈ ఘట్టం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. మా ఇళ్లలో చదువుకున్న మొదటి తరం మాది. ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. అందుకే సారు చెప్పిందే వేదం, నోట్సులో ఉన్నదే సత్యం అన్నట్టు పెరిగాం. ప్రశ్నిస్తే అవమానించినట్టు అనుకున్నాం. క్రోగ్ గురువును తూలనాడలేదు, ఎగతాళి చేయలేదు. కొలిచి చూపించారు. అయినా ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. 1911లో బోర్ కన్నుమూశారు. నిజం చెప్పడానికి క్రోగ్ కొంత మూల్యం చెల్లించారనే మేము అనుకుంటున్నాం.

సైకిలు మీద ప్రయోగాలు

అప్పటికే క్రోగ్ కోపెన్‌హాగన్‌లో జంతు శరీరధర్మశాస్త్రం బోధిస్తున్నారు. 1910లో ఆయనకు సొంత ప్రయోగశాల దక్కింది. విశ్వవిద్యాలయంలో వ్యాయామ సిద్ధాంతం బోధించే డాక్టర్ యొహానెస్ లిండ్‌హార్డ్ ఆయనతో చేరారు. ఇద్దరూ కలిసి మనిషి శ్రమపడేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పరిశోధించారు. కదలకుండా ఒకేచోట ఉండే సైకిలుకు విద్యుదయస్కాంతంతో బ్రేకు వేసి, తొక్కేవాడు ఎంత పని చేస్తున్నాడో కచ్చితంగా కొలిచే యంత్రాన్ని క్రోగ్ రూపొందించారు. ఇప్పుడు గుండె పరీక్షలలో రోగిచేత సైకిలు తొక్కించే యంత్రాలకు ఇలాంటివే పూర్వీకులు.

1913లో వారొక వింత ప్రకటించారు. మనిషి తొక్కడం మొదలుపెట్టగానే శ్వాస, గుండె వేగం పెరుగుతున్నాయి. కండలో పుట్టిన రసాయనాలు రక్తంలో కలిసి మెదడు దాకా చేరేంత సమయం కూడా పట్టడం లేదు. అంటే కండను కదలమని ఆజ్ఞ ఇచ్చే మెదడే అదే క్షణంలో గుండెనూ ఊపిరినీ సిద్ధం చేస్తోందన్నమాట.

గుండె పంపు వేగం పెంచడం సగం కథే. మోటారు ఎంత వేగంగా తోడినా, నీళ్లు ఏ మడికి వెళ్లాలో మడవ దగ్గర తేలాలి. క్రోగ్ దృష్టి ఇప్పుడు ఆ మడవల మీద పడింది.

కండలోని లెక్క

గుండె నుంచి బయలుదేరిన ధమనులు చీలుతూ చీలుతూ చివరికి వెంట్రుక కంటే ఎంతో సన్నని రక్తకేశనాళికలు అవుతాయి. ఎర్ర రక్తకణాలు అందులో ఒకదాని వెనుక ఒకటి వరుసగా నడవాలి. ఆక్సిజన్ కండకు చేరేది ఇక్కడే.

విశ్రాంతిలో ఉన్న కండ కంటే పనిచేసే కండ ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ వాడుతుంది. అది ఎలా అందుతుంది? క్రోగ్ ముందు ఆక్సిజన్ కండ గుండా ఎంత వేగంతో వ్యాపిస్తుందో కొలిచారు. తరువాత ఒక చదరపు మిల్లీమీటరు కండలో ఎన్ని కేశనాళికలు ఉన్నాయో లెక్కించారు. గుర్రం కండలో సుమారు 1400, అంతకంటే చిన్న జంతువైన కుక్క కండలో ఇంకా ఎక్కువ. ఆ తరువాత గణితం కావలసి వచ్చింది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఆయనకు సూత్రం కట్టి ఇచ్చారు. ఒకేసారి ఎన్ని ఫోన్లు వస్తే ఎన్ని లైన్లు కావాలో లెక్కగట్టి పేరు పొందినవాడు ఆయన. ఒక్కో కేశనాళిక తన చుట్టూ ఉన్న స్తంభంలాంటి కండ భాగాన్ని పోషిస్తుందనుకుంటే, ఆ స్తంభం అంచు దాకా ఆక్సిజన్ ఎలా చేరుతుందో ఆ సూత్రం చెబుతుంది.

లెక్క చూస్తే ఒక చిక్కు ఎదురైంది. కేశనాళికలన్నీ ఎప్పుడూ తెరిచే ఉంటే విశ్రాంతిలో ఉన్న కండలో ఆక్సిజన్ పుష్కలంగా ఉండాలి. కానీ ఉండవలసినంత లేదని అప్పటికే తెలిసిన ప్రయోగాలు చెబుతున్నాయి. అయితే విశ్రాంతి సమయంలో చాలా కేశనాళికలు మూసుకుని ఉంటాయా? పని మొదలవగానే తెరుచుకుంటాయా?

దీనిని తేల్చడానికి ఆయన ఎంచుకున్న సాధనం సిరా. బతికి ఉన్న జంతువు రక్తంలోకి నల్లని ఇండియన్ సిరా ఎక్కించి, తరువాత కండను పలచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. రక్తం పారుతున్న నాళికలు నల్లగా కనిపిస్తాయి. గినీపందుల మీద చేసిన ప్రయోగంలో విశ్రాంతిలో ఉన్న కండలో చదరపు మిల్లీమీటరుకు తెరిచి ఉన్నవి కొన్నిసార్లు వంద కూడా లేవు. పని చేయించిన కండలో ఆ సంఖ్య 2500 దాకా వెళ్లింది. ఈ పరిశోధన 1919లో వెలువడింది. మరుసటి ఏడాదే నోబెల్ వరించింది.

మేరీ జబ్బు – ఇన్సులిన్

1922లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం కేశనాళికల మీద ఉపన్యాసాలకు క్రోగ్‌ను ఆహ్వానించింది. మేరీ కూడా వెంట వెళ్లారు. అప్పటికే ఆమెకు చక్కెర వ్యాధి ఉంది. కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్, మెక్లియాడ్, కాలిప్‌ల కృషితో ఇన్సులిన్ వెలుగులోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. దంపతుల పట్టుదలతో క్రోగ్ 1922 నవంబర్‌లో టొరంటో వెళ్లారు. డెన్మార్క్‌లో ఇన్సులిన్ తయారుచేయడానికి అనుమతి తెచ్చుకున్నారు.

ఇంటికి చేరగానే మేరీకి వైద్యం చేస్తున్న డాక్టర్ హాగెడోర్న్‌తో కలిసి పని మొదలుపెట్టారు. డిసెంబర్‌లోనే పశువుల క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ తీశారు. 1923 మార్చిలో డెన్మార్క్ రోగులకు అది అందింది. అలా పుట్టిన నోర్డిస్క్ ఇన్సులిన్ ప్రయోగశాల 1989లో నోవో అనే మరో సంస్థతో కలిసి నోవో నోర్డిస్క్ అయింది. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ కొన్నవాళ్లు ఆ పేరు చూసే ఉంటారు. బాంటింగ్, మెక్లియాడ్‌లకు 1923లో నోబెల్ ఇవ్వాలని ప్రతిపాదించినవారిలో క్రోగ్ ఒకరు.

మేరీ భర్త చాటు మనిషి కాదు. ఊపిరితిత్తులు వాయువును ఎంత బాగా రక్తంలోకి పంపుతున్నాయో కార్బన్ మోనాక్సైడ్‌తో కొలిచే పద్ధతిని ఆమె 1915లో ప్రచురించారు. ఇప్పటి ఆసుపత్రుల్లో జరిగే ఒక శ్వాసకోశ పరీక్షకు మూలం అదే. పేరు మాత్రం ఎక్కువగా భర్తదే వినిపించింది.

చివరి రోజులు

1940లో జర్మనీ సైన్యం డెన్మార్క్‌ను ఆక్రమించింది. 1943లో మేరీ మరణించారు. 1944లో క్రోగ్ తప్పించుకుని స్వీడన్ వెళ్లవలసి వచ్చింది. 1945లో తిరిగివచ్చి ఉద్యోగ విరమణ చేశారు. ఆ తరువాత కూడా ఇంటి దగ్గరే చిన్న ప్రయోగశాల పెట్టుకుని, మిడతలు ఎగిరేటప్పుడు వాటి కండలు ఎలా పనిచేస్తాయో పరిశోధించారు. ప్రతి ప్రశ్నకూ దానికి తగిన జంతువు ఒకటి ఉంటుందని ఆయన నమ్మకం. కప్ప, గినీపంది, మిడత అలా వచ్చినవే. 1949 సెప్టెంబర్ 13న కోపెన్‌హాగన్‌లో కన్నుమూశారు. చిన్న కుమార్తె బోడిల్ కూడా శరీరధర్మశాస్త్రవేత్తే. అమెరికా శరీరధర్మశాస్త్ర సంఘానికి 1975లో తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

క్రోగ్ తరువాత

క్రోగ్ గురువును సరిదిద్దినట్టే, తరువాతివారు క్రోగ్‌ను సరిదిద్దారు. కేశనాళికలు తమంతట తాము ముడుచుకుంటాయని ఆయన భావించారు. కానీ అసలు మడవలు కేశనాళికలకు కాస్త ముందుండే సన్నని ధమనికల గోడల్లోని కండర పొరలో ఉన్నాయని తరువాత తేలింది. జీవించి ఉన్న కండను నేరుగా సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, విశ్రాంతిలో కూడా చాలా కేశనాళికల్లో రక్తకణాలు కదులుతూనే కనిపించాయి. పనిలో ప్రధానంగా పెరిగేది ఆ ప్రవాహ వేగమేనని ఇప్పుడు చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు.

మరో ఉదాహరణ. మనిషి కండల్లోని కేశనాళికలన్నీ వరుసగా పేరిస్తే లక్ష కిలోమీటర్లని క్రోగ్ లెక్కగట్టారు. ఆ అంకె చాలా పుస్తకాల్లోకి ఎక్కింది. అయితే ఆయన అందుకు తీసుకున్నది 50 కిలోల కండ, చదరపు మిల్లీమీటరుకు 2000 నాళికలు. 50 కిలోల కండ అంటే మామూలు మనిషికి ఉండేది కాదు. ఈ మధ్య తిరిగి లెక్కించినవారు 9,000 నుంచి 19,000 కిలోమీటర్ల మధ్యే ఉంటుందన్నారు. ఆయన అంకెను మనం కూడా కాగితం మీద వేసి చూడవచ్చు. గుణకారం సరిగ్గానే వస్తుంది. తేడా మొదట అనుకున్న అంకెల్లోనే ఉంది.

మరి రక్తనాళానికి పని సంగతి ఎలా తెలుస్తుంది? ఇప్పటికి తెలిసినంతలో కబురు ఒక్క దారిలో రాదు. పనిచేసే కండ వదిలే కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం, పొటాషియం, అడినోసిన్ వంటివి పక్కనే ఉన్న ధమనికలను సడలిస్తాయి. నాడులు పొట్ట వైపు, మూత్రపిండాల వైపు నాళాలను బిగిస్తాయి. ఇక ప్రవాహం పెరిగినప్పుడు, కాలువ గట్టును నీళ్లు ఒరుసుకున్నట్టు, రక్తం నాళం లోపలి పొరను ఒరుసుకుంటుంది. ఆ పొరలోని కణాలు ఆ ఒరిపిడిని పసిగట్టి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదులుతాయి. దానితో నాళం ఇంకా వెడల్పవుతుంది. ఈ లోపలి పొర పాత్రను 1980లో ఫర్చ్‌గాట్ బయటపెట్టారు. నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు ఆయనకూ, ఇగ్నారో, మురాద్‌లకూ 1998లో నోబెల్ వచ్చింది. ఒత్తిడిని, ఒరిపిడిని పసిగట్టే పీజో1 అనే ప్రోటీన్‌ను 2010లో పటపౌటియన్ బృందం కనుగొంది. ఆయనకు 2021లో నోబెల్‌లో భాగం దక్కింది. నాళాల లోపలి పొరలో ఈ ప్రోటీన్ లేకుండా చేసిన ఎలుకలు శ్రమలో వెనుకబడ్డాయని 2017లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

అన్ని దారులూ కలిస్తే ఫలితం ఇది. విశ్రాంతిలో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో కండరాలకు వెళ్లేది 15 నుంచి 20 శాతం. గట్టిగా పరుగెత్తేటప్పుడు గుండె పంపేది 20 లీటర్లు దాటవచ్చు. అందులో 80 శాతం దాకా కండరాలకే.

రోజూ కష్టపడితే నాళాల సంఖ్య కూడా పెరుగుతుంది. మనుషుల చేత 8 వారాలు సైకిలు తొక్కించి చూస్తే, తొడ కండలో కేశనాళికల సాంద్రత సుమారు 20 శాతం పెరిగిందని 1977లో అండర్సన్, హెన్రిక్సన్ చూపించారు. ఆ పని జరిగింది కోపెన్‌హాగన్‌లో క్రోగ్ పేరు పెట్టిన సంస్థలోనే. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లను నడవమని డాక్టర్లు చెప్పడానికి కూడా ఒక కారణం ఇక్కడే ఉంది. పనిచేసే కండ ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. మన ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఈ ఒక్క మాట అర్థమయ్యేలా చెప్పగలిగితే మన చదువు ఇంటికి పనికివచ్చినట్టే. అయితే మందు మానేయమని కాదు. మందుతో పాటు నడక.

చివరిగా ఒక్క మాట. కొన్ని వివరాలు తప్పని తేలినంత మాత్రాన క్రోగ్ చిన్నవాడు కాలేదు. తన లెక్కను దాచుకోకుండా కాగితం మీద పెట్టాడు కాబట్టే తరువాతివాళ్లు అందులో తప్పు పట్టగలిగారు. బోర్ దగ్గర నేర్చుకోకపోతే క్రోగ్ బోర్‌ను సరిదిద్దగలిగేవాడు కాదు. ఇది ఎవరినీ తక్కువ చేసే పని కాదు, చదువు ముందుకు సాగే తీరే ఇది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు క్లాసులో అర్థం కాని చోట చెయ్యెత్తండి. సారు మీద గౌరవం తగ్గదు. మనతో సహా సీనియర్లందరికీ ఇంకో విన్నపం. స్టడీ అవర్‌లో జూనియర్ వచ్చి ఇలా ఎందుకన్నా అని అడిగితే, పుస్తకంలో ఉంది పో అని పంపేయకండి. తెలియకపోతే తెలియదనే చెబుదాం. పక్కన కూర్చోబెట్టుకుని కలిసి వెతుకుదాం.